పిడికెడు ప్రాణానికి బారెడు పెట్టె

గత వేసవి సెలవుల్లో మా సంఘానికి చెందిన మూడు కుటుంబాలవారు వేర్వేరు రోజుల్లో ఒకే ప్రశ్నతో మా ఇంటికి వచ్చారు. “మా పిల్లవాడు హ్యామ్‌స్టర్ కావాలని ప్రాణం తీస్తున్నాడండీ. మీ ఇంట్లో పెంచారట గదా! కొనమంటారా, వద్దంటారా?” వచ్చినవారికి కాఫీ ఇచ్చి, మాకు తెలిసినది చెప్పి పంపాము. నాలుగవసారి చెప్పవలసి వచ్చినప్పుడు, ఇదంతా ఒకచోట వ్రాసిపెడితే పదిమందికీ పనికివస్తుంది గదా అనిపించింది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మేము పశువైద్యులము కాము. పల్నాడులో పత్తి, మిరప పండించుకొనే కుటుంబము. గేదెలను, కోళ్ళను ఎరుగుదుము గాని, దుకాణంలో కొని తెచ్చుకొనే ముద్దు జంతువులను ఎరుగము. ఈ వ్యాసంలో ఉన్నదానిలో చాలా భాగం తప్పులు చేసి నేర్చుకున్నదే. అందులో ఒక తప్పుకు ఒక ప్రాణం పోయింది. దానిని దాచి, మిగిలినది చెప్పడం న్యాయం కాదు గనుక అదికూడా వ్రాస్తున్నాము.

జంట తెచ్చిన తంటా

2021 క్రిస్మస్‌నాటికి మా చిన్నవాడి చేతిలో కొంత సొమ్ము చేరింది. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పిన పోటీలో వచ్చిన బహుమతి కొంత, నాయనమ్మ ఇచ్చినది కొంత, హైదరాబాదు నుండి వచ్చిన మేనమామ ఇచ్చినది కొంత. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు. మేనమామ ఫోనులో ఏదో వీడియో చూశాడు. బుగ్గల నిండా గింజలు కుక్కుకొని, రెండు చేతులూ ముడుచుకొని కూర్చున్న చిన్న జంతువు. ఇక అన్నం దగ్గర అదే మాట, పడక దగ్గర అదే మాట. సొమ్ము వాడిది, మేము కాదనలేకపోయాము.

2022 జనవరిలో విత్తనాల పనిమీద గుంటూరు వెళ్ళినప్పుడు వాడినీ వెంటబెట్టుకొని వెళ్ళాము. దుకాణంలో ఒక గాజు తొట్టెలో పది పన్నెండు పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒక్కటి ఇమ్మన్నాము. “ఒక్కటైతే బెంగపెట్టుకుంటుంది సార్, జంట తీసుకోండి” అన్నాడు అతను. పక్షులకైనా, పావురాలకైనా జంట మంచిదే గదా అనుకొని సరేనన్నాము. రెండింటికీ కలిపి ఒక ఎర్ర పంజరం ఇచ్చాడు. అడుగు పొడవు ఉంటుందేమో. లోపల అరచేయంత తీగచక్రం, ఒక ప్లాస్టిక్ ఇల్లు, ఒక నిచ్చెన. పైన రంగురంగుల దూది ప్యాకెట్టు, నాకడానికి ఉప్పుబిళ్ళ, ఏవో విటమిన్ చుక్కలు, లోపల పెట్టి నేలమీద దొర్లించే ప్లాస్టిక్ బంతి. జంతువులకు ఇచ్చిన సొమ్ముకు మూడింతలు ఈ సామానుకు అయ్యింది. అవి ఏమి తింటాయి, ఎంతకాలం బ్రతుకుతాయి, ఎండకు తట్టుకుంటాయా అని మేము అడగలేదు, అతను చెప్పలేదు. బస్సు వేళ అయింది, వచ్చేశాము.

చిన్నవాడు ఒకదానికి బటాణీ అని, రెండవదానికి శనగ అని పేరు పెట్టాడు. రెండూ ఆడవే. అది మా అదృష్టం, ఎందుకో తరువాత చెబుతాము. నాయనమ్మ మాత్రం “చుంచెలుకలకు పంజరమా! పొలంలో వాటిని తరమడానికే గదా మీ తాతయ్య రాత్రుళ్ళు కాపలా పడుకొన్నది” అని నవ్వింది.

మూడు వారాలు బాగానే ఉన్నాయి. తరువాత రాత్రివేళ కీచుకీచుమని అరుపులు మొదలయ్యాయి. ఆడుకొంటున్నాయనుకొన్నాము. ఒక ఉదయం శనగ చెవి తెగి ఉంది. పసుపు రాశాము. వేరు చేయాలని మాకు తోచలేదు. రెండు రోజుల తరువాత తెల్లవారి చూచేసరికి అది ప్లాస్టిక్ ఇంటి వెనుక పడి ఉంది. వీపుమీద, పొట్టమీద లోతైన గాట్లు. పారిపోవడానికి ఆ అడుగు పంజరంలో చోటేది? మధ్యాహ్నానికి ప్రాణం విడిచింది.

పెరట్లో జామచెట్టు క్రింద పాతిపెట్టాము. చిన్నవాడు ఏడవలేదు. చేతులు కడుక్కొని వచ్చి, “మనమే గదా నాన్నా రెండిటినీ ఒకదాంట్లో పెట్టింది?” అన్నాడు. దుకాణంవాడు అలా చెప్పాడురా అన్నాము. వాడు మా ముఖంలోకి చూసి ఊరుకొన్నాడు. ఆ చూపు ఈనాటికీ మాకు గుర్తే.

అలెప్పో పొలంలో తల్లి, పిల్లలు

గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మాయి ఆ వారం ఇంటికి వచ్చి, పుస్తకాలు, ఫోను వెదికి ఈ జంతువు చరిత్రంతా మాకు వినిపించింది. పరిశుద్ధ గ్రంథం చదివే మన పాఠకులకు అందులోని ఊళ్ళ పేర్లు పరిచితమే గనుక కొంచెం చెబుతాము.

మన పట్టణాల్లో అమ్మే హ్యామ్‌స్టర్లలో పెద్ద రకం సిరియా దేశానిది. 1839లోనే జార్జ్ వాటర్‌హౌస్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు అలెప్పో ప్రాంతం నుండి వచ్చిన నమూనాను చూచి దీని గురించి వ్రాశాడు. ఆ తరువాత చాలాకాలం దీనిని ఎవరూ పట్టించుకోలేదు. మన దేశంలో బీహారు వైపు కాలా అజార్ అనే జ్వరం విన్నారు గదా, ఆ జాతి రోగాలపై యెరూషలేములో సాల్ అడ్లర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశోధన చేస్తుండేవాడు. దానికి ఆయనకు హ్యామ్‌స్టర్లు కావలసివచ్చాయి. హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని 1930లో అలెప్పో దగ్గర ఒక గోధుమ చేనులో కూలీల చేత తవ్వించాడు. ఎంతో తవ్విన తరువాత, సుమారు ఎనిమిది అడుగుల లోతున, ఒక తల్లి, దాని పిల్లలు దొరికాయి. పెట్టెలో పెట్టగానే బెదిరిన ఆ తల్లి తన పిల్లల్లో ఒకదానిని చంపివేసింది. మిగిలిన పిల్లలను అహరోని, ఆయన భార్య చేతులతో పెంచారు. వాటిలోనూ కొన్ని తప్పించుకొన్నాయి, కొన్ని చచ్చిపోయాయి. చివరకు ఒలీవల కొండను ఆనుకొని ఉన్న స్కోపస్ కొండమీది విశ్వవిద్యాలయంలో బ్రతికి పిల్లలు పెట్టినవి కొద్దే. 1931లో వాటి సంతతి ఇంగ్లండు చేరింది. ఈనాడు ప్రపంచమంతటా ఇళ్ళలో ఉన్న సిరియా హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కాన్పు సంతానమే. మా బటాణీ కూడా.

ఇది విని నాయనమ్మ, “అయితే ఇది కూడా చేను ఎలుకేగా, నేను చెప్పలేదూ!” అంది. నిజమే. అక్కడి రైతులు కూడా దీనిని పంట తినే జంతువుగానే చూస్తారు.

అసలు మాకు కళ్ళు తెరిపించినవి రెండు సంగతులు. ఒకటి, ఇది ఒంటరి జీవి. పిల్లలుగా ఉన్నంతవరకే కలిసి ఉంటాయి. ఆరు, ఎనిమిది వారాల వయసు దాటితే ప్రతిదానికీ తన బొరియ తనదే. రెండవది మరొకటి తన హద్దులోకి వస్తే తరుముతుంది, పారిపోయే దారి లేకపోతే చంపుతుంది. అది దాని దుష్టత్వం కాదు. దుకాణంలో ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోవడం చూచి స్నేహమనుకొన్నది మేము. రెండవ సంగతి, ఇది లోతుగా తవ్వుకొని భూమిలో బ్రతికే జీవి. ఎనిమిది అడుగుల లోతున దొరికిన దాని సంతతిని మేము తవ్వడానికి అంగుళం మట్టి లేని ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టాము.

చిన్న రకాలు కూడా దుకాణాల్లో ఉంటాయి. డ్వార్ఫ్ అంటారు. సిరియా రకం పెరిగితే నూరు నుండి నూట యాభై గ్రాములు తూగుతుంది, ఈ చిన్నవి అందులో మూడోవంతు ఉంటాయి. వీటిలో కొన్ని కలిసి ఉంటాయని అంటారు గాని, అవి కూడా ఒక రోజు కొట్లాడుకోవడం చాలామంది చూచారు. ఏ రకమైనా ఒక్కదానినే తీసుకోండి. ఆడ, మగ కలిపి తెచ్చారా, సిరియా రకానికి చూలు పదహారు రోజులే. ఎనిమిదో పదో పిల్లలు. మళ్ళీ ఆ పిల్లలకు నెలన్నరకే పిల్లలు. మా బంధువుల ఇంట ఇదే జరిగి, చివరకు వీధిలో పిల్లలందరినీ పిలిచి పంచిపెట్టారు. ఆ పంచినవన్నీ ఏమయ్యాయో వారూ అడగలేదు.

రెంటచింతల ఎండలు

పల్నాడు ఎండలు తెలిసినదే. ఆంధ్రదేశంలో ఎండ మాట వస్తే ముందు రెంటచింతల పేరే చెబుతారు. 2022 మే నెలలో ఒక మధ్యాహ్నం, వసారాలో సిమెంటు రేకుల క్రింద ఉన్న పంజరంలో బటాణీ నాలుగు కాళ్ళూ చాపి, పొట్ట నేలకు ఆనించి పడి ఉంది. నోటివెంట తడి, డొక్కలు ఎగసిపడుతున్నాయి. చిన్నవాడు కేకవేశాడు. పత్తి కట్టెలు ఏరించుకొంటున్న మేము పరుగెత్తుకొని వచ్చాము.

లోపలి గదిలో నాపరాతి గచ్చుమీద పడుకోబెట్టి, చల్లని నీటిలో తడిపిన గుడ్డతో చెవులు, పాదాలు అద్దాము. ఐసునీళ్ళు పోయకూడదు, ఒక్కసారిగా చల్లబరచడం ప్రమాదం. నోటి దగ్గర వ్రేలితో ఒక్కొక్క చుక్క నీరు పెట్టాము. అరగంటకు తల ఎత్తింది. మీరు ఇలాంటిది చూస్తే చల్లబరుస్తూనే పశువైద్యునికి కబురు చేయండి. మేము ఆదివారం గనుక చేయలేకపోయాము.

ఎడారి అంచున పుట్టిన జంతువుకు ఎండ ఒక లెక్కా అని మేము అనుకొన్నాము. కాని అది ఎండకు ఓర్చుకొని బ్రతకడం లేదు, ఎండను తప్పించుకొని బ్రతుకుతుంది. పగలంతా లోతున చల్లని మట్టిలో నిద్రపోయి, చీకటిపడ్డాక బయటికి వస్తుంది. బొరియే దానికి చలువ పందిరి. ఆ బొరియ తీసివేసి, రేకుల క్రింద తీగ పంజరంలో పెడితే ఎక్కడికి పోతుంది? ఇరవై, ఇరవైనాలుగు డిగ్రీలు దానికి హాయి. ముప్పై దాటితే కష్టం మొదలు. మనకు మే నెలలో రాత్రిపూట కూడా ముప్పై ఉంటుంది.

అందుచేత కొనే ముందు మీ ఇంట్లో వేసవికి చల్లగా ఉండే గది ఒకటి ఉన్నదా చూచుకోండి. పెంకుటింట్లో నడిమి గది, తూర్పు ముఖపు మిద్దెలో ఉత్తరపు గది, మట్టిగోడల పాత ఇల్లు, ఇవి మంచివి. రేకుల ఇంట్లో, ఒంటి గది మిద్దెలో కరెంటు పోతే దారి లేదు. అలాంటివారితో మేము వద్దనే చెబుతున్నాము. చల్లని గదిలోనైనా కొన్ని జాగ్రత్తలు కావాలి. పగిలిన మట్టికుండను సగానికి కోయించి బోర్లించి పెడితే దాని క్రింద దూరి పడుకొంటుంది. ఒక నాపరాయి ముక్క లోపల ఉంచవచ్చు. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టవచ్చు, కాని ఫ్యాను గాలి, కూలరు గాలి నేరుగా దానిమీద కొట్టకూడదు. నీళ్ళు గడ్డకట్టించిన సీసాను గుడ్డలో చుట్టి పెట్టె బయటివైపు ఆనించి పెట్టేవాళ్ళము.

నాయనమ్మ భోషాణం

ఎండదెబ్బ తగిలిన ఆ వారమే ఎర్ర పంజరాన్ని అటకమీదికి ఎక్కించాము. హ్యామ్‌స్టరు ఉండే చోటు తక్కువలో తక్కువ మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉండాలని, అడుగున జానెడుకు పైగా తవ్వుకొనే పొర ఉండాలని తెలిసినవారు చెబుతారు. అంత పెద్దది గుంటూరు దుకాణంలో లేదు. తెప్పిస్తే అయ్యే ధర విని ఊరుకొన్నాము. అప్పుడు నాయనమ్మ, తాను కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకొన్న భోషాణం ఇచ్చింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చుంచెలుక అని నవ్విన మనిషే! వడ్రంగిని పిలిచి మూత తీయించి, చెక్క చట్రానికి సన్నని ఇనుపజాలీ కొట్టించి మూతగా బిగించాము. జాలీ కన్ను చిటికెనవ్రేలు దూరనంత సన్నగా ఉండాలి. లోపలిది బయటికి రాకుండా మాత్రమే కాదు, పిల్లి, పాము, ఇంటి ఎలుక లోపలికి పోకుండా కూడా. పల్లెటూరి ఇంట్లో గింజల వాసనకు ఎలుకలు రాక మానవు, అవి తెచ్చే రోగాలు దీనికీ వస్తాయి. భోషాణం కాళ్ళ క్రింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టాము. ఎర్రచీమల బాధ మనందరికీ తెలిసినదే.

అడుగున ఏమి వేయాలి? ఇందులోనూ తప్పులు చేశాము. మొదట దూది. పత్తి రైతు ఇంట దూదికి కొదువా? కాని ఆ దూది పోగులు కాళ్ళకు చుట్టుకొని బిగుసుకొంటాయి, మింగితే కడుపులో అడ్డుపడతాయి. దుకాణంలో అమ్మే రంగుదూది కూడా అంతే, కొనవద్దు. తరువాత కోతమిల్లు రంపపు పొట్టు వేశాము, ఆ దుమ్ముకు తుమ్ములు పట్టుకొన్నాయి. ఊక వేసినా అదే బాధ. చివరకు అచ్చు లేని తెల్లకాగితాలు, పిల్లల పాత నోటు పుస్తకాల్లో వ్రాయని పుటలు, సన్నగా చించి, మధ్యమధ్య ఎండుగడ్డి పొరలుగా వేసి అడుగు ఎత్తు నింపాము. గడ్డి కలిపితే సొరంగం కూలదు. మొదటి రాత్రే బటాణీ లోపలికి తవ్వుకొని పోయి, రెండు రోజులు మాకు కనబడలేదు. చచ్చిపోయిందేమోనని చిన్నవాడు తవ్వబోతే పెద్దమ్మాయి చెయ్యి పట్టుకొని ఆపింది. మూడవ రాత్రి గింజలు ఖాళీ.

అంతా మార్చి కడిగివేయడం కూడా మంచిది కాదు. దానికి చూపు మందం, వాసనతోనే తన ఇల్లు గుర్తుపడుతుంది. తడిసిన మూల తీసివేసి, అక్కడ క్రొత్త కాగితం వేస్తే చాలు. ఒక మూల వెడల్పు మట్టిమూకుడులో ఇసుక పెట్టాము. అందులో దొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకొంటుంది. నీళ్ళ స్నానం ఎన్నడూ చేయించకూడదు. ఏటి ఇసుకను జల్లించి, కడిగి, మూకుడులో వేయించి చల్లార్చి వాడేవాళ్ళము. దుకాణాల్లో స్నానపు పొడి అని మెత్తని పిండిలాంటిది అమ్ముతారు, అది ఊపిరితిత్తులకు చేటు.

కొనవలసినవి

మొత్తంమీద దుకాణంలో కొనక తప్పనివి రెండే అని మా అనుభవం. ఒకటి చక్రం. రాత్రి కొన్ని గంటలసేపు పరుగెత్తే జంతువు ఇది, చక్రం లేకపోతే తీగలు కొరుకుతూ పిచ్చిదానిలా తిరుగుతుంది. సిరియా రకానికి చక్రం అడ్డకొలత పదకొండు అంగుళాలు ఉండాలి, అంటే సుమారు 28 సెంటీమీటర్లు. పరుగెత్తేటప్పుడు వీపు వెనక్కు విల్లులా వంగితే అది చిన్నదని గుర్తు. పరుగెత్తే పట్టీ గట్టి పలకగా ఉండాలి, తీగలుగా ఉంటే కాలు ఇరుక్కొని విరుగుతుంది. గుంటూరులో దొరకక పార్సిలులో తెప్పించుకొన్నాము. మరొక మాట, ఇరుసుకు చుక్క కొబ్బరినూనె వేస్తుండండి. మా ఇంట సరిగ్గా కుటుంబ ప్రార్థనవేళకే ఆ చక్రం కిర్రుకిర్రుమని మొదలుపెట్టేది. నాయనమ్మ కళ్ళు మూసుకొనే విసుక్కొనేది.

రెండవది నీళ్ళ సీసా, కొసకు చిన్న గుండు ఉండేది. రోజూ ఉదయం వ్రేలితో ఆ గుండును కదిపి నీరు వస్తుందో లేదో చూడాలి. సీసా నిండుగా ఉన్నది గదా అనుకొంటాము, లోపల గుండు బిగుసుకొని జంతువు దాహంతో ఉంటుంది.

ఉప్పుబిళ్ళ, విటమిన్ చుక్కలు అవసరం లేదు. దొర్లించే బంతి అసలే వద్దు. గాలి ఆడక, దారి తెలియక గోడలకు కొట్టుకొంటూ పోతుంది. అది ఆటగా కనబడేది మనకే.

తిండికి మన ఇళ్ళలో లోటేముంది? జొన్నలు, సజ్జలు, కొర్రలు, గోధుమలు, కాసిని గుమ్మడిగింజలు, ఒకటి రెండు ప్రొద్దుతిరుగుడు గింజలు. రోజుకు రెండు చెంచాలు చాలు. ప్రొద్దుతిరుగుడు ఎక్కువైతే కొవ్వు పడుతుంది. వారంలో రెండుసార్లు ఉడికిన గ్రుడ్డు చిటికెడు. కీరదోస, క్యారెట్టు, కొత్తిమీర కొంచెం. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మ, బత్తాయి, పచ్చి బంగాళాదుంప, మిఠాయి, చాక్లెట్టు పెట్టకూడదు. గింజలు బుగ్గ సంచుల్లో నింపుకొని, భుజాలదాకా ఉబ్బిపోయి, మోసుకొనిపోయి దాచుకొంటుంది. జర్మను భాషలో దాచిపెట్టుకోవడాన్ని దీని పేరుమీదుగానే చెబుతారట. గిన్నె ఖాళీ అయింది గదా అని మళ్ళీ పోయకండి, దాని కొట్టు నిండి ఉంటుంది.

మన రైతు ఇళ్ళకు మాత్రమే చెప్పవలసిన ఒక హెచ్చరిక. పురుగు పట్టకుండా మందుబిళ్ళలు పెట్టిన గింజలు దానికి వేయవద్దు. మందు కొట్టిన చేలగట్టు ఆకు కోసి పెట్టవద్దు. మనకు తలనొప్పితో పోయేది, నూరు గ్రాముల జీవికి ప్రాణాంతకం.

జబ్బు చేసినప్పుడు

తోక క్రింద తడిగా ఉండి, విరేచనాలవుతూ, వంగి కూర్చొన్నదంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. రెండు రోజుల్లో ప్రాణం పోగలదు. మా మండలం పశువైద్యశాలలో డాక్టరుగారు గేదెలకు సూదులు వేసి అలసిపోయి ఉన్న సమయంలో మేము బటాణీని అట్టపెట్టెలో తీసుకొనివెళ్ళాము. ఆయన నవ్వలేదు. వంటింటి చిన్న త్రాసు తెప్పించి తూచారు. “వారానికి ఒకసారి తూచి వ్రాసిపెట్టండి. అది నోరు విప్పి చెప్పదు గదా, బరువే చెబుతుంది” అన్నారు. ఇంకొక మాట గట్టిగా చెప్పారు. మనుషులకు వాడే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు వీటికి ఇవ్వకూడదు. అవి కడుపులోని మంచి సూక్ష్మజీవులను చంపి, జంతువునే చంపుతాయి. జ్వరం బిళ్ళను నలిపి పావు వంతు వేద్దామన్న ఆలోచన మనలో చాలామందికి వస్తుంది, అందుకే చెబుతున్నాము.

ముట్టుకొన్న తరువాత పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె చేత పెట్టె శుభ్రం చేయించవద్దు. ఎలుక జాతి జంతువుల నుండి కడుపులోని బిడ్డకు హాని చేసే సూక్ష్మజీవి రావచ్చు. పగలు నిద్రలేపి చేతిలోకి తీసుకొంటే కరుస్తుంది, మనలను అర్ధరాత్రి లేపితే మనము మాత్రం ఊరుకొంటామా? ఎత్తుకొనేటప్పుడు పిల్లలను నేలమీద కూర్చోబెట్టండి. నిలబడిన పిల్లవాడి చేతిలోనుండి జారితే ఎముకలు విరుగుతాయి. మావాడు స్టీలు గ్లాసును అడ్డంగా పెట్టేవాడు. అది తనంతట తాను అందులోకి నడిచివచ్చేది. దానికి రెండు నెలలు పట్టింది.

కొనదలచినవారు దుకాణంలో మేము అడగని ప్రశ్నలు అడగండి. దాని వయసెంత? ఆడదా, మగదా? విడిగా ఉంచారా? 2018లో కేంద్ర ప్రభుత్వం పెట్ షాపులకు నిబంధనలు చేసింది. వాటి ప్రకారం దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. ఆ కాగితం ఉన్నదా అని అడగడంలో తప్పులేదు. సాయంకాలం వెళితే అది మేలుకొని తిరుగుతుండగా చూడవచ్చు. కళ్ళు మెరుస్తున్నాయా, తోక దగ్గర పొడిగా ఉన్నదా, ఊపిరి చప్పుడు లేకుండా ఉన్నదా చూచుకోవచ్చు. పెట్టె ముందు సిద్ధం చేసుకొని, జంతువును తరువాత తెచ్చుకోండి. మేము చేసింది దీనికి తలక్రిందులు.

ఇంకొక సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. ఇది రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు బ్రతుకుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు కొన్నది, వాడు ఏడో తరగతికి వచ్చేసరికి ఉండదు.

బటాణీ 2024 ఫిబ్రవరిలో పోయింది. అంతకు రెండు నెలల ముందునుండి వీపుమీద వెంట్రుకలు పలచబడ్డాయి, చక్రం తిరగడం తగ్గింది. చిన్నవాడు వారంవారం తూచి వ్రాసిన లెక్కల పుస్తకంలో అంకెలు 132 నుండి 96కు దిగాయి. గింజలు నమలలేకపోతే సజ్జపిండి నానబెట్టి మూతలో పెట్టేవాడు. ఒక ఉదయం సొరంగం అడుగున, తాను పోగుచేసుకొన్న గింజల ప్రక్కన, ముడుచుకొని పడుకొన్నట్లే ఉంది. జామచెట్టు క్రింద శనగ ప్రక్కనే పెట్టబోతే, చిన్నవాడు వద్దన్నాడు. పెరటికి ఆ చివర, గోడ దగ్గర, విడిగా గొయ్యి తీశాడు.

క్రిందటి నెల మా సంఘంలోని ఒక సహోదరుడు తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చి భోషాణం, చక్రం ఇస్తారా అని అడిగాడు. మేము సరేననబోయాము. ఇప్పుడు పొడుగు సాగిన మా చిన్నవాడు గడపలో నిలబడి, “ఎన్ని కొంటావు?” అని ఆ అమ్మాయిని అడిగాడు. ఒకటే అన్నది. “మే నెలలో ఎక్కడ పెడతావు?” అన్నాడు. ఆ అమ్మాయి తండ్రి ముఖం వైపు చూచింది. ఆయన కాసేపు ఆలోచించి, వాళ్ళది రేకుల ఇల్లేననీ, ఎదురుగా వాళ్ళ పెదనాన్నగారి పెంకుటింట్లో నడిమి గది అడిగి చూస్తాననీ చెప్పి లేచాడు. ఆ మాట తెలిసేవరకు భోషాణం మా వసారాలోనే ఉన్నది.